వృద్ధ రోగులు, ఆస్పత్రి ఖర్చులు: ఒక వైద్యుని అభిప్రాయం

వృద్ధులకు ఆస్పత్రులలో జరుగుతున్న చికిత్సను గురించి ఒక ఆయుర్వేద వైద్యుడు వ్రాయడమేమిటని పాఠకులలో కొందరికి సందేహం కలుగవచ్చు. సమాధానం సులభమే. పెద్దవారు ఆస్పత్రిలో ఉండేది పది రోజులో, పదిహేను రోజులో. ఆ తరువాతి పది నెలలూ ఉండేది ఇంట్లో. ఆ పది నెలలలో వారిని చూచేది మాబోటి వైద్యులమే. చిట్టమూరు చుట్టుపట్ల పల్లెలవారు జబ్బు ముదిరితే నాయుడుపేటకో గూడూరుకో వెళతారు. అక్కడ కాదంటే నెల్లూరు, తిరుపతి. మరీ కాదంటే చెన్నై. తిరిగి వచ్చిన తరువాత చీటీలు, ఎక్స్‌రేలు, మందుల పెట్టెలు కుక్కిన సంచి పట్టుకొని నా అరుగు మీదికి వస్తారు. అటువంటి సంచులను ఎన్నో ఏళ్ళుగా విప్పి చూచిన మీదట ఏర్పడిన అభిప్రాయం ఇది.

ఆస్పత్రులను నిందించడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేస్తున్నాను. తుంటి ఎముక విరిగిన ముసలమ్మను తైలంతో సరిపెట్టుకొమ్మనే వైద్యుడు వైద్యుడు కాడు. నిమ్ము చేరి ఆయాసపడుతున్నవారి పక్కన, హఠాత్తుగా మూతి వంకరపోయి చేయి పడిపోయినవారి పక్కన కషాయం కాచుతూ కూర్చోవడం పాపం. 108కి ఫోను చేయమని చెప్పేవారిలో నేనే మొదటివాడిని. నా ఫిర్యాదు వేరు. ప్రాణం నిలబెట్టిన ఆస్పత్రి, మనిషిని నిలబెట్టకుండా ఇంటికి పంపుతున్నది. పైగా అందుకు ఎక్కువ డబ్బు తీసుకుంటున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం అరవై దాటినవారు దేశంలో నూటికి 8.6 మంది కాగా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 మంది. అప్పటినుంచి ఆ సంఖ్య పెరుగుతూనే ఉన్నది. పిల్లలు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటే, ఊళ్ళో మిగిలేది పెద్దవాళ్ళే. ఇక ముందు ఆస్పత్రి మంచాలలో ఎక్కువ భాగం వీరితోనే నిండుతుంది. కావున వృద్ధుల చికిత్స ఎంత ఖర్చుతో, ఎంత బాగా జరుగుతున్నదన్నది ప్రతి మధ్యతరగతి కుటుంబం ఆలోచించవలసిన విషయం. ఖర్చు తగ్గిస్తే నాణ్యత పోతుందని, నాణ్యత కావాలంటే ఖర్చు పెరగక తప్పదని చాలామంది అనుకుంటారు. యువకుల శస్త్రచికిత్సల మాట ఏమో గాని, వృద్ధుల విషయంలో ఇది నిజం కాదు. వారికి బిల్లు పెంచేదీ, వారిని మంచాన పడవేసేదీ తరచుగా ఒకే కారణం.

ఒక ఉదాహరణ చెబుతాను. మా ప్రాంతంలోని ఒక రైతు, వయస్సు డెబ్బైనాలుగు. ముందురోజు వరకూ చేని గట్టు మీద నడిచినవాడు. నిమ్ము చేసి జ్వరం, ఆయాసం వస్తే ఒక పట్టణంలోని ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. పందొమ్మిది రోజులు ఉంచారు. అందులో ఆరు రోజులు ఐ.సి.యు. జ్వరం ఏడవ నాటికే తగ్గినట్లు చార్టులో ఉన్నది. మిగిలిన పన్నెండు రోజులలో ఏం జరిగింది? మూత్రపు గొట్టం తీయలేదు. రాత్రిపూట పలవరిస్తున్నాడని, సూది గుచ్చిన చోటు లాగేసుకుంటున్నాడని చేతులు మంచానికి కట్టి నిద్ర మందు ఇచ్చారు. ఆయన కళ్ళద్దాలు ఇంట్లో గూటిలోనే ఉండిపోయాయి. అద్దాలు లేక ఎదుట ఉన్న మనిషి ఎవరో తెలియక, పగలో రాత్రో తెలియని దీపాల వెలుగులో పడుకున్న వృద్ధుడు పలవరించక ఏం చేస్తాడు? నిద్ర మందుతో తిండి పోయింది. తిండి పోయి బలం పోయింది. కదలక నడుము కింద పుండు పడింది. పుండుకు మళ్ళీ కట్లు, సూదులు, మరికొన్ని రోజులు. ఇంటికి వచ్చేనాటికి చీటీలో పదకొండు రకాల మాత్రలు. వాటిలో రెండు ఒకే మందు, పేర్లు మాత్రం వేరు.

రొయ్యల గుంట కౌలుకు దాచుకున్న సొమ్ము ఆ బిల్లుకు సరిపోయింది. కోడలు నా వద్ద కూర్చొని అన్నది: "సామీ, నిమ్ము పూర్తిగా తగ్గిపోయిందన్నారు. మామ మాత్రం లేవలేదు." ఆయన కర్ర పట్టుకొని నిలబడటానికి నాలుగు నెలలు పట్టింది. ఆ బిల్లును నేను వరుసగా చదివాను. నిమ్ము తగ్గించిన మందుల వెల అందులో చిన్న భాగం. పెద్ద భాగమంతా జ్వరం తగ్గిన తరువాతి రోజులది. ఆ రోజులు అవసరమైనది జబ్బు వలన కాదు, పడక వలన.

ఇది నా ఊహ కాదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు కేవలం మంచం మీద పడుకోబెట్టి పరీక్షించిన అమెరికన్ పరిశోధన ఒకటి 2007లో ప్రచురితమైంది. పది రోజులలో వారి కాళ్ళలో కండ దాదాపు ఒక కిలో తగ్గింది. జబ్బు లేదు, జ్వరం లేదు, కేవలం పడక. యువకుడు పది రోజులు పడుకొని లేచి నాలుగు రోజులలో తేరుకుంటాడు. వయస్సు మళ్ళినవారికి పోయిన కండ తిరిగి రావడం ఎంత కష్టమో ఇంట్లో పెద్దవారిని చూచుకున్న ప్రతివారికీ తెలుసు. వార్ధక్యం వాతప్రధానమైన దశ అని మన శాస్త్రం చెబుతున్నది. ఉపవాసం, నిద్రలేమి, భయం, అలవాటు లేని చోటు, చల్లగాలి, ఇవన్నీ వాతాన్ని ప్రకోపింపజేసేవే. ఎయిర్ కండిషన్డ్ గదిలో, పరగడుపున పరీక్షల కొరకు నిలబెట్టి, రాత్రి రెండింటికి లేపి రక్తం తీసే పద్ధతిని తలచుకోండి. ఈ మాట హాస్యానికి అనడం లేదు.

మా గురువుగారు మాకు మొదట వల్లె వేయించిన విషయాలలో చికిత్సకు నాలుగు పాదాలు అన్నది ఒకటి. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. చరకాచార్యులు పరిచారకునికి నాలుగు గుణాలు చెప్పారు: ఉపచారం తెలియడం, నేర్పరితనం, రోగిపై అనురాగం, శుచి. నేటి ఆస్పత్రిలో మొదటి రెండు పాదాలకు కోట్లు ఖర్చు పెడుతున్నారు. మూడవ పాదాన్ని ఇద్దరు నర్సులకు, ఒక ఆయాకు అప్పగించి ముప్ఫై మంచాలు చూడమంటున్నారు. ఆ బిడ్డలు ఏం చేయగలరు? నేను చూచిన నర్సులలో ఎక్కువమంది తమ శక్తికి మించి పనిచేసేవారే. లోపం వారిది కాదు, వారి సంఖ్యది.

చరక సంహిత సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో రోగిని ఉంచవలసిన గృహాన్ని గురించిన వర్ణన ఉన్నది. ఆ భవనం దృఢంగా ఉండాలి. ఈదురుగాలి కొట్టకూడదు గాని ఒక వైపు గాలి ఆడాలి. పొగ, ఎండ, ధూళి చేరకూడదు. రోగి సుఖంగా నడవడానికి తావుండాలి. మరుగుదొడ్డి, స్నానపు గది, వంటిల్లు అందుబాటులో ఉండాలి. పప్పుకట్టు, అన్నం వండటం తెలిసినవారు, స్నానం చేయించేవారు, ఒళ్ళు పట్టేవారు, రోగిని లేపేవారు, పడుకోబెట్టేవారు ఉండాలి. పాటలు, కథలు, పురాణాలు తెలిసినవారు కూడా ఉండాలి. రాజులకు, ధనవంతులకు చెప్పిన ఏర్పాటు అది. ఆ మాటా అక్కడే ఉన్నది. పేదవాడికి ఆపద వచ్చినప్పుడు ఇవన్నీ సమకూరేదాకా ఆగకుండా, దొరికిన వాటితోనే చికిత్స చేయించుకోవచ్చునని కూడా అదే అధ్యాయం చెబుతున్నది. నాకు ఆ అధ్యాయంలో అన్నిటికంటే నచ్చిన మాట అదే. ఎందుకంటే పై పట్టికను మళ్ళీ చదివితే ఒక సంగతి తెలుస్తుంది. అందులో మిక్కిలి ఉపయోగకరమైనవి మిక్కిలి చౌక అయినవి. లేపడం, నడిపించడం, వేడిగా తినిపించడం, మాట్లాడటం.

దీనికి ఆధునిక నిరూపణ కావాలంటే అదీ ఉన్నది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టరు షారన్ ఇనూయి బృందం డెబ్బై దాటిన 852 మంది ఆస్పత్రి రోగులపై జరిపిన పరిశోధన 1999లో వెలువడింది. వారు కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు రోజూ వచ్చి రోగితో మాట్లాడారు. తేదీ, వారం, ఎక్కడున్నదీ గుర్తు చేశారు. కళ్ళద్దాలు, చెవి మిషను అందించారు. నీళ్ళు త్రాగించారు, నడిపించారు. రాత్రి నిద్ర మాత్రకు బదులు వేడి పాలు గాని మూలికల టీ గాని ఇచ్చి, వీపు మర్దన చేసి, మెల్లని సంగీతం వినిపించారు. మామూలు వార్డులో నూటికి 15 మందికి మతి తడబాటు కలుగగా, ఈ వార్డులో 9.9 మందికే కలిగింది. పాలు, మర్దన, సంగీతం. మన అమ్మమ్మలకు ఈ వార్డు అప్పగించి ఉంటే ఫలితం మరికాస్త మెరుగ్గా ఉండేదేమో!

వృద్ధ వైద్యం అనే ప్రత్యేక శాఖ పాశ్చాత్య దేశాలలో పుట్టిన తీరు కూడా ఇటువంటిదే. 1935లో లండన్ సమీపంలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో మార్జొరీ వారెన్ అనే వైద్యురాలికి, పక్కనే ఉన్న అనాథ వైద్యశాలలోని 714 మంది దీర్ఘరోగుల బాధ్యత వచ్చింది. ఏళ్ళ తరబడి మంచం దిగనివారు వారిలో చాలామంది. ఆమె ఒక్కొక్కరినీ విడివిడిగా పరీక్షించి, లేవగలవారిని లేపి, నడిపించి, ఎందరినో తిరిగి ఇళ్ళకు పంపింది. మంచాలు ఖాళీ అయ్యాయి, ఖర్చు తగ్గింది, మనుషులు బాగుపడ్డారు. మన అష్టాంగాలలో జరాచికిత్స ఒకటిగా అనాదిగా ఉన్నదని గర్వంగా చెప్పుకుంటాము. చెప్పుకోవడమే గాని ఆ అంగానికి మనం కట్టిన వార్డులెన్ని?

మనకు దగ్గరలోనే మంచి ఉదాహరణ ఒకటి ఉన్నది. మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో 1978లో డాక్టరు వి.ఎస్. నటరాజన్ గారు వృద్ధుల కొరకు ప్రత్యేక విభాగం ప్రారంభించారు. దేశంలో అటువంటిది అదే మొదటిది. 1988లో అక్కడ ప్రత్యేక వార్డు, 1996లో మద్రాసు వైద్య కళాశాలలో ఈ శాఖలో ఎం.డి. చదువు మొదలయ్యాయి. నెల్లూరు జనం గుండెకూ మోకాళ్ళకూ చెన్నై రైలు ఎక్కుతారు గాని, వృద్ధులకు ప్రత్యేక వైద్యులు అక్కడ ఉన్నారని తెలిసినవారు తక్కువ. ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క వైద్యుని చుట్టూ తిరిగి పదకొండు మాత్రలు తెచ్చుకోవడం కంటే, మొత్తం మనిషిని ఒక్కరే చూచి ఆ మాత్రలను ఐదుకు తగ్గించడం వృద్ధులకు ఎంతో మేలు.

ఇక ప్రభుత్వ పథకాల సంగతి. 2007లో మన రాష్ట్రంలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదవారిని అప్పుల ఊబి నుంచి కాపాడిన మాట కాదనలేనిది. 2024లో దాని పేరు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా మారింది. అదే సంవత్సరం అక్టోబరు 29న, ధన్వంతరి జయంతినాడు, కేంద్రప్రభుత్వం డెబ్బై నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా సంవత్సరానికి ఐదు లక్షల వరకు ఆస్పత్రి చికిత్స అందించే ఆయుష్మాన్ పథకాన్ని ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థలో ప్రారంభించింది. మధ్యతరగతి పెద్దలకు ఇది నిజంగా గొప్ప అండ. కాని ఈ పథకాలు డబ్బు చెల్లించే పద్ధతిని గమనించండి. ఇన్ని వేల రూపాయలు ఈ ఆపరేషనుకు, ఇన్ని ఆ ప్రక్రియకు. ఆపరేషను లేని జబ్బయితే రోజుకు ఇంత. అందులోనూ మామూలు వార్డు కంటే ఐ.సి.యు.కు ఎక్కువ. రోగి నడిచి వెళ్ళాడా, మోసుకొని వెళ్ళారా అన్నదానికి ఆ లెక్కలో వెల లేదు. వెల లేని పని ఏ ఆస్పత్రీ శ్రద్ధగా చేయదు. అది మానవ స్వభావం.

ఇంగ్లండులో 2010 నుంచి తుంటి ఎముక విరిగిన వృద్ధుల విషయంలో ఒక పద్ధతి పెట్టారు. ముప్ఫై ఆరు గంటలలో ఆపరేషను జరిగి, ఎముకల వైద్యునితో పాటు వృద్ధ వైద్యుడు కూడా రోగిని చూచుకుంటే, ఆస్పత్రికి అదనంగా కొంత సొమ్ము ఇస్తారు. లేకుంటే మామూలు సొమ్మే. మన పథకాలలో ఇటువంటి నియమం చేర్చడానికి కొత్త భవనాలు అక్కరలేదు. ఆపరేషను మరునాడు రోగిని కుర్చీలో కూర్చోబెట్టినందుకు, పుండు పడకుండా పంపినందుకు, నెల రోజులలో మళ్ళీ చేరవలసిన అవసరం రాకుండా చూచినందుకు కొంత అదనం ఇవ్వండి. అంతకు పదింతలు అనవసరపు పడక రోజులలో మిగులుతుంది. ఇంటికి వెళ్ళిన తరువాతి కాలం కూడా చికిత్సలో భాగమని మన రాష్ట్రం ఒకసారి గుర్తించింది. 2019 డిసెంబరులో మొదలుపెట్టిన ఆరోగ్య ఆసరాలో ఆపరేషను అయిన పేద రోగికి విశ్రాంతి కాలంలో రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇచ్చేవారు. ఆ ఆలోచనను వృద్ధులకు మరింత విస్తరించి, డబ్బుతో పాటు వారానికి ఒకసారి నడక నేర్పే ఫిజియోథెరపిస్టును ఇంటికి పంపగలిగితే ఎంత బాగుండును!

చట్టం కూడా మనవైపే ఉన్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పెట్టవలసిన భరణం గురించే అందరూ దానిని తలుస్తారు. దాని ఇరవయ్యవ సెక్షనును ఎవరూ తలవరు. ప్రభుత్వ ఆస్పత్రులలో వీలైనంత వరకు వృద్ధులందరికీ మంచాలు ఇవ్వాలని, వారికి వేరు వరుస ఉండాలని, ప్రతి జిల్లా ఆస్పత్రిలో అనుభవజ్ఞుడైన వైద్యాధికారి ఆధ్వర్యంలో వృద్ధులకు ప్రత్యేక వసతులు ఉండాలని అందులో వ్రాసి ఉన్నది. వేరు వరుస లేని చోట ఈ సెక్షను పేరు చెప్పి అడగండి. మర్యాదగా, వ్రాతపూర్వకంగా అడగండి.

ప్రభుత్వం చేసేదాకా ఇంటివారు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పెద్దవారిని ఆస్పత్రికి తీసుకువెళ్ళే తొందరలో కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, చెవి మిషను, చేతికర్ర మరువకండి. వాడుతున్న మందులన్నీ, మావి కూడా, ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. పక్కన ఉండే తోడు మనిషి రోజుకొకరు మారకుండా చూడండి. తెలిసిన ముఖం వృద్ధులకు సగం మందు. ప్రతి ఉదయం డాక్టరు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఈ గొట్టం ఇంకా అవసరమా? ఈ రోజు కూర్చోబెట్టవచ్చునా? ఇంటికి ఎప్పుడు వెళ్ళవచ్చు? అడిగితే కోపం వస్తుందని భయపడకండి. మంచి వైద్యునికి కోపం రాదు. విదేశాలలో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. రాలేకపోతున్నామన్న బాధతో ఫోనులో "ఖర్చుకు వెనుకాడకండి, అన్నీ చేయించండి" అంటారు. ఆ "అన్నీ" అన్న మాట బిల్లులో ఎన్ని పేజీలవుతుందో, దానిలో అమ్మకు పనికివచ్చేది ఎంతో ఒకసారి వైద్యుని అడిగి తెలుసుకోండి.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారం రోజులు ఆహార విషయంలో మన పేయాది క్రమం చక్కగా పనికివస్తుంది. మొదట పలుచని బియ్యపు జావ, తరువాత చిక్కని జావ, ఆ పైన పెసరకట్టు, ఆకలి పుట్టిన కొద్దీ మెత్తని అన్నం. బలం రావాలని మొదటి రోజే నేతి ముద్దలు, లేహ్యాలు పెట్టకండి. అగ్ని మందగించి ఉన్నవారికి అవి భారమే అవుతాయి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పథ్యాన్ని తమ వైద్యుని అడిగి సవరించుకోవాలి. ఆకలి నిలకడగా పుట్టిన తరువాత జావతోనే ఆపవద్దు. పప్పు, పాలు, గ్రుడ్డు, మన తీరంలో దొరికే చిన్న చేపలు, ఎవరి ఆచారాన్ని బట్టి వారు, తప్పక పెట్టాలి. పోయిన కండ గంజితో తిరిగి రాదు. గోరువెచ్చని నువ్వుల నూనెతో కాళ్ళు మర్దన చేయవచ్చు. కాని ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే ముట్టవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, వెంటనే ఆస్పత్రికి చూపించాలి.

చివరగా మా వర్గం వారికి కొంచెం చేదు మాట. ఆస్పత్రి నుంచి వచ్చిన వృద్ధునికి "ఆ ఇంగ్లీషు మందులన్నీ పారవేయండి" అని చెప్పి తమ భస్మాలు అమ్ముకునేవారు మనలో ఉన్నారు. గుండెకు, రక్తం పలచబడటానికి ఇచ్చిన మాత్రలు అర్ధాంతరంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మూత్రపిండాలు బలహీనపడినవారికి లోహ భస్మాలు ఇవ్వరాదు. గుగ్గులు కలిసిన మందులు రక్తం పలచబరచే మాత్రలతో కలిస్తే ఏమవుతుందో ఆలోచించకుండా ఇవ్వరాదు. వృద్ధుడు తన ఆయుర్వేద మందు సంగతి ఆస్పత్రి డాక్టరుకు చెప్పడానికి జంకుతున్నాడంటే, ఆ జంకు పోగొట్టే బాధ్యత మా రెండు వర్గాల వైద్యులదీ. మా ప్రాంతం నుంచి ఆస్పత్రికి వెళ్ళే ప్రతి వృద్ధునికీ నేను ఇచ్చిన మందుల పేర్లు, మోతాదు తెలుగులో ఒక కాగితం మీద వ్రాసి ఇస్తున్నాను. అదే విధంగా ఆస్పత్రులవారు డిశ్చార్జి చీటీని తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఏ మాత్ర ఎందుకో, ఎన్నాళ్ళో చెబుతూ వ్రాసి ఇవ్వాలని గూడూరు, నాయుడుపేట, నెల్లూరు వైద్యులందరినీ ఈ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఒక్కొక్క రోగికి పావుగంట, ఒక కాగితం పడుతుంది.